న్యూరాన్ కరెంటు సిగ్నల్ ఎలా పుట్టిస్తుంది: పెన్ను, పేపరు, క్యాలిక్యులేటర్ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా

న్యూరాన్ (అంటే నరాల కణం) సిగ్నల్ గురించి చదివినవాళ్లలో చాలామంది బుర్రలో ఒకటే కథ ఉంటుంది. సోడియం లోపలికి దూకింది, పొటాషియం బయటికి పోయింది, తర్వాత పంపు (సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పొరలోని ప్రోటీన్) వచ్చి అంతా మళ్లీ సర్దేసింది, అయిపోయింది. మొదటి రెండు ముక్కలు నిజమే, చిక్కంతా మూడోదానితోనే. ఒక్క సిగ్నల్ వచ్చి పోవడంలో పంపు చేసేది దాదాపు ఏమీ లేదు, అసలు సిగ్నల్ అయిపోయాక కణం లోపల సోడియం ఎంత పెరిగిందో పొటాషియం ఎంత తగ్గిందో కొలవబోతే తేడా పట్టుకోవడమే కష్టం, అంత తక్కువ. ఇది లెక్కతో సహా ఎక్కితే మిగతాదంతా దానంతటదే వరసలో పడుతుంది, ఎక్కకపోతే ఎన్ని బొమ్మలు చూసినా బట్టీ పట్టడమే మిగులుతుంది. అందుకే ఇదంతా మీరే లెక్కేసుకుంటూ వెళ్లేలా రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. పేపరు, పెన్ను, లాగ్ బటన్ ఉన్న క్యాలిక్యులేటర్ (ఫోన్లో ఉన్నదాన్ని అడ్డంగా తిప్పితే చాలావాటిలో వస్తుంది), చివరి మెట్టుకి ఏదో ఒక స్ప్రెడ్‌షీట్. చదివేసి వెళ్లిపోకండి, కనీసం 2, 3, 4 మెట్లలో లెక్కలు మీ చేత్తో వేయండి.

మెట్టు 1: పొర గీయండి, రెండు పక్కలా ఉప్పులు రాయండి

పేపరు మధ్యలో ఒక గీత గీయండి, అదే కణం పొర. పైన "బయట", కింద "లోపల" అని రాసుకోండి. మన శరీరంలోని ఒక మామూలు న్యూరాన్‌కి అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి, అన్నీ లీటరుకి మిల్లీమోల్స్‌లో:

పొటాషియం: లోపల 140, బయట 5
సోడియం: లోపల 12, బయట 145

క్లోరైడ్ కూడా ఉంది, బయటే ఎక్కువ, లోపల చాలా తక్కువ. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం, మన లెక్కకి ఈ రెండు చాలు. లోపల అంత పొటాషియం పాజిటివ్ చార్జ్‌తో ఉంటే దానికి జోడీ ఎవరు అంటే, బయటికి పోలేని ప్రోటీన్లు, ఫాస్ఫేట్లు లాంటి నెగటివ్ చార్జ్ ఉన్నవి.

పొర అనేది సుమారు 5 నానోమీటర్ల మందం ఉన్న కొవ్వు పొర. అయాన్ అంటే చుట్టూ నీటి అణువుల్ని కప్పుకుని తిరిగే చార్జ్ ఉన్న రేణువు, అది కొవ్వులోంచి దూరాలంటే ఆ నీటిని వదిలేయాలి, దానికి బోలెడు శక్తి కావాలి కాబట్టి దూరలేదు. పొరలో గుచ్చుకుని ఉన్న ప్రోటీన్ గొట్టాలే, అంటే ఛానళ్లే, దానికి దారి. ఇక్కడ ఒక ముక్క గట్టిగా పట్టుకోండి: ఒక్కో ఛానల్ ఒక్కో అయాన్‌నే ఎంచుకుంటుంది. పొటాషియం ఛానల్లోంచి పొటాషియం వెళ్తుంది, దానికంటే చిన్నదైన సోడియం మాత్రం వెళ్లలేదు. వింతగా ఉంది కదా, పెద్దది దూరే సందులో చిన్నది దూరకపోవడం ఏంటని? దీనికి జవాబు రోడరిక్ మెకిన్నన్ 1998లో ఒక పొటాషియం ఛానల్ ఆకారాన్ని ఎక్స్‌రేలతో బయటపెట్టాక స్పష్టంగా కనిపించింది. ఆ గొట్టంలో ఇరుకైన చోట ఆక్సిజన్ పరమాణువులు వరసగా ఉంటాయి, పొటాషియం తన నీటిని వదిలి లోపలికొస్తే ఆ ఆక్సిజన్లు సరిగ్గా నీళ్లు ఉన్నంత దూరంలోనే దాన్ని పట్టుకుంటాయి, కాబట్టి నష్టమేం లేదు. సోడియం చిన్నది, ఆ ఆక్సిజన్లు దానికి అందవు, నీళ్లు వదిలిన నష్టం పూడదు, అందుకని అది రాదు. ఇంత సూక్ష్మంగా ఎంచుకుంటూ కూడా ఆ ఛానల్ సెకనుకి కోటి దాకా అయాన్లని పంపగలదు, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే.

మెట్టు 2: ఒక్కో అయాన్‌కి "ఆగే వోల్టేజ్" కట్టండి

ఇప్పుడు పొరలో పొటాషియం ఛానళ్లు మాత్రమే తెరిచి ఉన్నాయనుకోండి. లోపల 140, బయట 5, కాబట్టి పొటాషియం బయటికి పోవడం మొదలవుతుంది. పోయే ప్రతి అయాన్ తనతో ఒక పాజిటివ్ చార్జ్ పట్టుకుపోతుంది, దాంతో లోపలి పక్క నెగటివ్ అవుతూ వస్తుంది, ఆ నెగటివ్ మళ్లీ పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. తోపు, లాగుడు రెండూ సమానమైన చోట నికరంగా ఏదీ కదలదు. ఆ వోల్టేజ్ ఎంతో చెప్పే సూత్రం వాల్టర్ నెర్న్స్ట్ 19వ శతాబ్దం చివర్లో ఇచ్చాడు. శరీర ఉష్ణోగ్రత దగ్గర, ఒక పాజిటివ్ చార్జ్ ఉన్న అయాన్‌కి అది ఇంతే:

వోల్టేజ్ = 61.5 × లాగ్ (బయట ÷ లోపల), మిల్లీవోల్టుల్లో

పొటాషియానికి వేయండి. 5 ÷ 140 = 0.0357, లాగ్ −1.447, జవాబు −89 మిల్లీవోల్టులు. సోడియానికి 145 ÷ 12 = 12.08, లాగ్ 1.082, జవాబు సుమారు +67.

ఈ రెండు అంకెల్ని పేపరు మీద పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి. న్యూరాన్ చేసే పనంతా −89కీ +67కీ మధ్యే జరుగుతుంది. ఏ ఛానల్ తెరిస్తే వోల్టేజ్ ఆ అయాన్ అంకె వైపు లాగబడుతుంది, ఈ ఒక్క నియమం చాలు, ఇక మీదట ఎక్కడ తికమక పడ్డా ఇక్కడికే వచ్చి చూసుకోండి.

మెట్టు 3: ఊరికే ఉన్నప్పుడు ఎంత

ఊరికే ఉన్న న్యూరాన్లో పొటాషియం దారులు ఎక్కువ తెరిచి ఉంటాయి, సోడియం దారులు కొద్దిగా కారుతుంటాయి. పొర పొటాషియాన్ని 1 వంతు పోనిస్తే సోడియాన్ని సుమారు 0.04 వంతు పోనిస్తుందని పెట్టుకుందాం, ఇది స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద చేసిన కొలతల నుంచి వచ్చి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన నిష్పత్తి. రెండూ కలిపి లెక్కేసే సూత్రం గోల్డ్‌మన్ 1943లో ఇచ్చిన దాని నుంచి వచ్చింది:

వోల్టేజ్ = 61.5 × లాగ్ [(బయటి పొటాషియం + 0.04 × బయటి సోడియం) ÷ (లోపలి పొటాషియం + 0.04 × లోపలి సోడియం)]

పైన 5 + 5.8 = 10.8, కింద 140 + 0.48 = 140.48. భాగిస్తే 0.0769, లాగ్ −1.114, జవాబు −68.5. పుస్తకాల్లో కనిపించే "మైనస్ 70" ఇలా వచ్చిందన్నమాట, ఎవరో దానికి నిర్ణయించి పెట్టిన అంకె కాదు.

ఇప్పుడు అదే సూత్రంలో బయటి పొటాషియం 5 తీసేసి 10 పెట్టి చూడండి. జవాబు −58 అవుతుంది. రక్తంలో పొటాషియం కొంచెం పెరిగినా డాక్టర్లు ఎందుకంత కంగారు పడతారో ఈ ఒక్క లెక్కలో ఉంది, గుండె కండరం కూడా ఇదే నియమం మీద నడుస్తుంది కాబట్టి దాని విశ్రాంతి వోల్టేజే జరిగిపోతుంది, లయ దెబ్బతింటుంది.

ఇంకో చిన్న లెక్క. పొరకి అటూ ఇటూ 70 మిల్లీవోల్టులంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఆ వోల్టేజ్ ఉన్నది 5 నానోమీటర్ల మందంలో. 0.07 ని 5 నానోమీటర్లతో భాగిస్తే మీటరుకి 1 కోటి 40 లక్షల వోల్టులు. మామూలు గాలిలో మీటరుకి సుమారు 30 లక్షల వోల్టులు దాటితే నిప్పురవ్వ ఎగురుతుంది. అంత బలమైన విద్యుత్ క్షేత్రంలో కూర్చుని ఉంటాయి కాబట్టే వోల్టేజ్ కొద్దిగా మారినా ఛానళ్లకి తెలుస్తుంది, దీని అవసరం 7వ మెట్టులో వస్తుంది.

మెట్టు 4: అయాన్లని లెక్కపెట్టండి

మొత్తం మీద ఒక్క మెట్టే చేస్తానంటే ఇది చేయండి.

20 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కణం తీసుకోండి. ఉపరితలం 3.1416 × 20 × 20 = 1257 చదరపు మైక్రోమీటర్లు. కణం పొర కెపాసిటర్ లాగా చార్జ్‌ని దాచుకుంటుంది, చదరపు సెంటీమీటరుకి సుమారు 1 మైక్రోఫారడ్, ఇది దాదాపు అన్ని కణాలకీ ఒకటే. ఒక చదరపు సెంటీమీటరులో 10 కోట్ల చదరపు మైక్రోమీటర్లుంటాయి, కాబట్టి మన కణానికి సుమారు 12.6 పికోఫారడ్లు. సిగ్నల్ అప్పుడు వోల్టేజ్ −70 నుంచి +30 దాకా వెళ్తుంది, అంటే 100 మిల్లీవోల్టుల మార్పు. కావాల్సిన చార్జ్ 12.6 × 0.1 = 1.26 పికోకూలుంబ్‌లు. దాన్ని ఒక అయాన్ చార్జ్‌తో భాగిస్తే సుమారు 78 లక్షల సోడియం అయాన్లు.

78 లక్షలంటే ఎక్కువేనా? కణం ఘనపరిమాణం 4,189 ఘన మైక్రోమీటర్లు, అందులో లీటరుకి 12 మిల్లీమోల్స్ చొప్పున ఇప్పటికే ఉన్న సోడియం అయాన్లు సుమారు 3,000 కోట్లు. పొటాషియం అయితే 35,000 కోట్లు. అంటే సిగ్నల్ అంతా అయ్యాక సోడియం 12 నుంచి 12.003 అవుతుంది. పొటాషియంలో 45,000కి ఒకటి తగ్గుతుంది. నిజం కణంలో సోడియం వచ్చే సమయం, పొటాషియం పోయే సమయం కొంచెం కలిసిపోతాయి కాబట్టి ఈ కనీసం కంటే ఎక్కువే లోపలికొస్తుంది, సరే నాలుగింతలు వేసుకోండి, అయినా 0.1 శాతమే.

ఒక జాగ్రత్త చెప్పాలి. సన్నటి ఆక్సాన్లలో (న్యూరాన్ నుంచి సిగ్నల్‌ని దూరం మోసుకెళ్లే పొడవాటి తోకల్లో) కథ కొంచెం మారుతుంది, ఎందుకంటే అక్కడ లోపలి చోటుతో పోలిస్తే పొర ఎక్కువ. 0.5 మైక్రోమీటర్ల ఆక్సాన్‌కి ఇదే లెక్క వేస్తే ఒక్కో సిగ్నల్‌కి సోడియం 0.7 శాతం దాకా పెరుగుతుంది, వరసగా వందల సిగ్నళ్లు పోతే అక్కడ పంపు నిజంగానే చెమటోడ్చాలి. కానీ ఒక్క సిగ్నల్‌కి అక్కడ కూడా ఒక శాతం లోపే.

మెట్టు 5: పంపుని దాని చోట కూర్చోబెట్టండి

మరి పంపు ఎందుకు? ఓవర్‌హెడ్ ట్యాంకు, మోటారు అనుకోండి. మోటారు ట్యాంకు నింపి పెడుతుంది, కుళాయి తిప్పినప్పుడు నీళ్లు రావడానికి ఆ క్షణంలో మోటారు నడవక్కర్లేదు. పంపు ఒక ఏటీపీ (కణం శక్తి కోసం వాడే అణువు) ఖర్చుపెట్టి 3 సోడియాలని బయటికి, 2 పొటాషియాలని లోపలికి పంపుతుంది. మొదటి మెట్టులో రాసుకున్న 140, 5, 12, 145 అంకెల్ని రోజుల తరబడి నిలబెట్టేది అదే. మూడు పంపి రెండే తీసుకుంటుంది కాబట్టి నేరుగా కూడా కొన్ని మిల్లీవోల్టులు నెగటివ్ వైపు లాగుతుంది, కానీ విశ్రాంతి వోల్టేజ్‌లో ఎక్కువ భాగం పొటాషియం కారడం వల్లే. ఈ పంపుని జెన్స్ స్కౌ 1957లో పట్టుకున్నాడు, నోబెల్ 40 ఏళ్ల తర్వాత 1997లో వచ్చింది. మెదడు మన బరువులో 2 శాతమే అయినా ఊరికే ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం తినేస్తుంది, అందులో పెద్ద వాటా ఈ పంపులదే.

సాక్ష్యం కావాలంటే 1960ల మొదట్లో బేకర్, హాడ్జ్‌కిన్, షా చేసిన ప్రయోగం చూడండి. స్క్విడ్ ఆక్సాన్ అర మిల్లీమీటరు పైన లావుంటుంది, దాన్ని రోలర్‌తో నొక్కి లోపలి గుజ్జంతా పిండేసి, ఖాళీ గొట్టంలో పొటాషియం ఉప్పు ద్రావణం నింపారు. ఏటీపీ లేదు, లోపలి ప్రోటీన్లు లేవు. అయినా సిగ్నళ్లు మామూలుగానే వచ్చాయి. పొర, దాని ఛానళ్లు, రెండు పక్కలా సరైన ఉప్పులు, ఇవి చాలు అని ఇంతకంటే తేటగా చూపించలేం.

మెట్టు 6: సిగ్నల్‌ని మొదలుపెట్టండి

ఇది త్వరగా దాటేద్దాం. వేరే న్యూరాన్ల నుంచి వచ్చిన రసాయనాలు డెండ్రైట్ల (న్యూరాన్‌కి సిగ్నళ్లు అందుకునే కొమ్మల) మీద ఛానళ్లని తెరుస్తాయి. గ్లుటమేట్ తెరిచేవి సోడియం, పొటాషియం రెండిటినీ పోనిస్తాయి, వోల్టేజ్‌ని సున్నా వైపు లాగుతాయి. గాబా తెరిచేవి క్లోరైడ్‌ని పోనిస్తాయి, మామూలుగా వోల్టేజ్‌ని పైకి లేవనివ్వవు. ఒక్కో సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) దెబ్బకి కణం దగ్గర కనిపించే మార్పు చాలాసార్లు ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు, అది కూడా పది ఇరవై మిల్లీసెకన్లలో కారిపోతుంది, దూరం వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. కాబట్టి చాలా సినాప్స్‌లు దాదాపు ఒకేసారి కొట్టాలి, లేదా ఒకటే వెంటవెంటనే కొట్టాలి, అవన్నీ కలిసి ఆక్సాన్ మొదలయ్యే చోట వోల్టేజ్‌ని సుమారు −55 దాకా తేవాలి. ఆ చోటే ఎందుకంటే సోడియం ఛానళ్లు అక్కడ చాలా ఒత్తుగా ఉంటాయి.

మెట్టు 7: పైకి దూకే ఘట్టం

సోడియం ఛానల్ ఒక పొడవాటి ప్రోటీన్, నాలుగు భాగాలుగా మడత పడి మధ్యలో గొట్టం ఏర్పడుతుంది. ఒక్కో భాగంలో ఒక కడ్డీ లాంటి ముక్క ఉంటుంది, దాని మీద ప్రతి మూడో స్థానంలో పాజిటివ్ చార్జ్. లోపల నెగటివ్ ఉన్నంతసేపు ఆ కడ్డీలు లోపలి వైపు లాగబడి ఉంటాయి, గేటు మూసి ఉంటుంది. లోపలి నెగటివ్ తగ్గితే కడ్డీలు బయటి వైపు జరుగుతాయి, గేటు తెరుచుకుంటుంది. ఇందాక లెక్కేసిన మీటరుకి కోటి వోల్టుల క్షేత్రం వాటిని కదిపేది.

ఇప్పుడు గొలుసు చూడండి. వోల్టేజ్ కొద్దిగా పెరిగింది, కొన్ని సోడియం ఛానళ్లు తెరుచుకున్నాయి, సోడియం లోపలికొచ్చింది, దాంతో వోల్టేజ్ ఇంకొంచెం పెరిగింది, దాంతో ఇంకొన్ని తెరుచుకున్నాయి. −60 దగ్గర ఈ చుట్టు మొదలైనా, బయటికి కారే పొటాషియం దాన్ని ఓడించేస్తుంది, వోల్టేజ్ మళ్లీ కిందికి వస్తుంది. వచ్చే సోడియం పోయే పొటాషియాన్ని ఒక్క వెంట్రుకవాసి దాటిన చోటే త్రెషోల్డ్. అది దాటితే ఇక వెనక్కి లేదు, ఒక మిల్లీసెకను లోపే వోల్టేజ్ సోడియం అంకె +67 వైపు దూసుకుపోతుంది. ఈ దూకుడునే స్పైక్ అంటారు, అందుకే సగం స్పైక్ అనేది ఉండదు, మొదలుపెట్టిన దెబ్బ చిన్నదైనా పెద్దదైనా స్పైక్ ఎత్తు ఒకటే. త్రెషోల్డ్‌ని −55 దగ్గర కట్టిన గోడ అనుకోకండి, రెండు కరెంట్ల పోటీలో ఏది గెలుస్తుందో దాన్ని బట్టి అది అటూ ఇటూ జరుగుతుంది.

మూడో మెట్టు సూత్రంలో 0.04 తీసేసి 20 పెట్టండి, పీక్ దగ్గర సోడియం దారులు పొటాషియం దారుల కంటే 20 రెట్లు తెరిచి ఉంటాయని. జవాబు +54 వస్తుంది. గాఢతలు ఒక్కటి కూడా మార్చలేదు, దారుల నిష్పత్తి మార్చాం అంతే, −68 నుంచి +54కి వెళ్లిపోయింది. సిగ్నల్ అంటే ఇదే. నిజంలో +67 దాకా ఎప్పుడూ చేరదు, చాలా న్యూరాన్లలో +30, +40 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకో తర్వాతి మెట్టులో ఉంది.

చరిత్రలో ఇక్కడే పెద్ద మలుపు. 1902లో బెర్న్‌స్టైన్ చెప్పిందేంటంటే, సిగ్నల్ అప్పుడు పొర అన్ని అయాన్లకీ తెరుచుకుంటుంది కాబట్టి వోల్టేజ్ సున్నాకి వచ్చి ఆగుతుందని. 1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ ఆక్సాన్ లోపలికి ఎలక్ట్రోడ్ దింపి చూస్తే సున్నా దాటి బాగా పాజిటివ్‌లోకి వెళ్లింది. యుద్ధం వల్ల పని ఆగిపోయింది. చివరికి 1949లో హాడ్జ్‌కిన్, కాట్జ్ బయటి నీటిలో సోడియం తగ్గిస్తే పీక్ కూడా తగ్గుతుందని చూపించారు. మీరూ సరిచూసుకోవచ్చు, నెర్న్స్ట్ సూత్రంలో బయటి సోడియం సగం చేస్తే +67 నుంచి ఎంత తగ్గుతుంది? 61.5 × లాగ్ 2, అంటే 18.5 మిల్లీవోల్టులు.

మెట్టు 8: కిందికి దించండి

రెండు పనులు జరుగుతాయి. ఒకటి, సోడియం ఛానల్‌కి లోపలి పక్క ఒక చిన్న లూప్ ఉంటుంది, గేటు తెరుచుకున్న ఒక మిల్లీసెకను అటూ ఇటూగా అది వచ్చి గొట్టానికి అడ్డం పడుతుంది. గేటు తెరిచే ఉంది, దారి మాత్రం లేదు. రెండు, వోల్టేజ్ చూసి తెరుచుకునే పొటాషియం ఛానళ్లు కూడా ఉన్నాయి, వాటికీ అదే సంకేతం అందింది, కాకపోతే అవి నిదానం. సోడియం మూసుకుంటున్న సమయానికి అవి పూర్తిగా తెరుచుకుంటాయి. ఇప్పుడు లాగేది ఒక్క −89 మాత్రమే, వోల్టేజ్ జారిపోతుంది, ఆ నిదానం ఛానళ్లు మూసుకోవడం కూడా ఆలస్యం కాబట్టి చాలాసార్లు విశ్రాంతి వోల్టేజ్ కంటే కిందికి కూడా వెళ్తుంది. వోల్టేజ్‌ని వెనక్కి తెచ్చింది పొటాషియం ఛానళ్లు, పంపు కాదు, పరీక్షల్లో ఎక్కువమంది మార్కు పోగొట్టుకునేది సరిగ్గా ఈ వాక్యం దగ్గరే.

అడ్డం పడిన లూప్ తొలగాలంటే వోల్టేజ్ కిందికి రావాలి, కొద్దిసేపు పట్టాలి. అంతవరకు ఆ చోట ఎంత దెబ్బ కొట్టినా రెండో స్పైక్ రాదు. 3వ మెట్టులో బయటి పొటాషియం 10 చేసినప్పుడు −58 వచ్చింది కదా, త్రెషోల్డ్‌కి దగ్గరైంది కాబట్టి ఇంకా సులభంగా స్పైక్ రావాలనిపిస్తుంది, మొదట్లో అంతే, కానీ వోల్టేజ్ అలాగే పైన ఉండిపోతే లూపులు అడ్డం పడిపోయి ఛానళ్లు పనికిరాకుండా పోతాయి.

మెట్టు 9: ముందుకి పంపండి

స్పైక్ వచ్చిన చోట లోపలికొచ్చిన చార్జ్ పక్కకి పాకి పక్క ముక్కని త్రెషోల్డ్ దాటిస్తుంది, అక్కడ కొత్త స్పైక్ మళ్లీ పూర్తి ఎత్తులో పుడుతుంది. ఒక చివర బయల్దేరిన అయాన్ రెండో చివరకి ప్రయాణం చేయదు, అడుగడుగునా పొరకి అడ్డంగా అయాన్లు దాటుతుంటాయి. వెనక్కి ఎందుకు పోదంటే వెనక చోట లూపులు ఇంకా అడ్డం ఉన్నాయి. హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరంలో వేగం కొలిస్తే సెకనుకి సుమారు 27 మీటర్లు వచ్చింది, అప్పటిదాకా ఇది కొలవలేనంత వేగమని అనుకునేవాళ్లు.

వేగం పెంచాలంటే ఆక్సాన్ లావు చేయాలి, స్క్విడ్ అదే చేసింది. లేదా చుట్టూ మయెలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టాలి. మయెలిన్ వల్ల చార్జ్ మధ్యలో కారదు, పొర కెపాసిటెన్స్ తగ్గుతుంది, మధ్యమధ్యలో మయెలిన్ లేకుండా సుమారు మైక్రోమీటరు వెడల్పుండే రాన్వియర్ ఖాళీల దగ్గర మాత్రం స్పైక్ మళ్లీ పుడుతుంది. మయెలిన్ లేని సన్నటి నొప్పి నరాల్లో సెకనుకి 0.5 నుంచి 2 మీటర్లు, మయెలిన్ ఉన్న లావు నరాల్లో 100 మీటర్ల పైన. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో ఈ చుట్టే ఊడిపోతుంది, సిగ్నల్ నిదానిస్తుంది లేదా మధ్యలో ఆగిపోతుంది.

మీకు అర్థమైందో లేదో చూసుకోడానికి: పళ్ల డాక్టర్ ఇచ్చే లిడోకైన్ ఇంజెక్షన్ సోడియం ఛానల్‌ని లోపలి పక్క నుంచి మూస్తుంది, పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ బయటి పక్క నుంచి మూస్తుంది. ఈ రెండిటిలో ఏది ఇచ్చినా విశ్రాంతి వోల్టేజ్ ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు, ఎందుకంటే అది పొటాషియం పని. స్పైక్ మాత్రం రాదు.

మెట్టు 10: స్ప్రెడ్‌షీట్‌లో మీ న్యూరాన్‌ని నడపండి

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ ఆక్సాన్‌కి రాసిన సమీకరణాలు ఇవి, ఇప్పుడు వాడే రూపంలో. అప్పట్లో హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద వారాల తరబడి వేశాడు, మనకి నిమిషాల పని. వి అంటే వోల్టేజ్, ఆల్ఫా అంటే తెరుచుకునే వేగం, బీటా అంటే మూసుకునే వేగం, ఎక్స్‌ప్ అంటే స్ప్రెడ్‌షీట్‌లోని EXP ఫంక్షన్.

ఆల్ఫా ఎన్ = 0.01 × (వి + 55) ÷ (1 − ఎక్స్‌ప్(−(వి + 55) ÷ 10))
బీటా ఎన్ = 0.125 × ఎక్స్‌ప్(−(వి + 65) ÷ 80)
ఆల్ఫా ఎమ్ = 0.1 × (వి + 40) ÷ (1 − ఎక్స్‌ప్(−(వి + 40) ÷ 10))
బీటా ఎమ్ = 4 × ఎక్స్‌ప్(−(వి + 65) ÷ 18)
ఆల్ఫా హెచ్ = 0.07 × ఎక్స్‌ప్(−(వి + 65) ÷ 20)
బీటా హెచ్ = 1 ÷ (1 + ఎక్స్‌ప్(−(వి + 35) ÷ 10))

ఎమ్ అంటే సోడియం గేటు తెరుచుకోవడం, హెచ్ అంటే లూపు అడ్డం లేకపోవడం, ఎన్ అంటే పొటాషియం గేటు. మొదటి వరసలో వి −65, ఎమ్ 0.05, హెచ్ 0.6, ఎన్ 0.32. ప్రతి వరస 0.01 మిల్లీసెకను. ఎమ్ కొత్త విలువ = పాతది + 0.01 × (ఆల్ఫా × (1 − ఎమ్) − బీటా × ఎమ్), హెచ్‌కీ ఎన్‌కీ అంతే. కరెంట్లు మూడు (ఇందులో 50, −77 అనేవి స్క్విడ్‌కి సోడియం, పొటాషియం ఆగే వోల్టేజ్‌లు, అందుకే మన +67, −89 కావు):

సోడియం: 120 × ఎమ్ ఘనం × హెచ్ × (వి − 50)
పొటాషియం: 36 × ఎన్ నాలుగో ఘాతం × (వి + 77)
కారుడు: 0.3 × (వి + 54.4)

వి కొత్త విలువ = పాతది + 0.01 × (మీరిచ్చే కరెంటు − ఆ మూడింటి మొత్తం). పొర కెపాసిటెన్స్ 1 కాబట్టి భాగించక్కర్లేదు. 5,000 వరసలు కిందికి లాగితే 50 మిల్లీసెకన్లు వస్తాయి. వి సరిగ్గా −55 లేదా −40 అయితే సున్నాని సున్నాతో భాగించి ఎర్రర్ వస్తుంది, అక్కడ ఆల్ఫా ఎన్‌కి 0.1, ఆల్ఫా ఎమ్‌కి 1 పెట్టండి.

మొదట కరెంటు 20 ఒక్క మిల్లీసెకను ఇచ్చి ఆపండి, ఒక స్పైక్ వస్తుంది. అదే 3 ఇచ్చి చూడండి, కొంచెం లేచి పడిపోతుంది. తర్వాత 10 అలాగే ఉంచేయండి, స్పైకులు వరసగా వస్తూనే ఉంటాయి. 200 ఉంచితే మొదట ఒకటి వచ్చి తర్వాత వోల్టేజ్ పైనే ఊగి ఊగి నిలిచిపోతుంది, హెచ్ కాలమ్ చూడండి, అది పైకి లేవలేకపోతుంది. గమనించారా, ఈ సమీకరణాల్లో పంపు అనే పదమే లేదు, గాఢతలు కూడా ఎక్కడా మారట్లేదు, 50, −77 మొదటి నుంచి చివరిదాకా స్థిరంగానే ఉన్నాయి.

చివరగా మైనస్ 10 కరెంటు 20 మిల్లీసెకన్లు ఇచ్చి ఒక్కసారి సున్నా చేయండి. వోల్టేజ్‌ని కిందికి తొక్కి వదిలేశారు అంతే, పైకి నెట్టిందేమీ లేదు, అయినా స్పైక్ వస్తుంది. తొక్కి ఉంచిన ఆ 20 మిల్లీసెకన్లలో హెచ్, ఎన్ కాలమ్‌లు ఎటు కదిలాయో పక్కపక్కన గ్రాఫ్ గీసి చూడండి, కారణం అందులోనే కనిపిస్తుంది.